ఆర్నికా: పువ్వు కన్నా ముందు ఆకు

హోమియో మందుల దుకాణాల్లోనూ తలనూనె సీసాల మీదా ఆర్నికా అనే పేరు తెలుగువారికి చిరపరిచితమే గానీ, ఆ పేరు గల మొక్క తెలుగు నేల మీద ఎక్కడా పెరగదు. భారతదేశపు అడవుల్లోనూ అది సహజంగా మొలిచే మొక్క కాదు. దెబ్బ తగిలి కమిలినచోట రాయమని, కిందపడ్డ పిల్లవాడికి నాలుగు మాత్రలు వేయమని ఇళ్ళలో పెద్దలు చెప్పే ఆ మందుకు మూలమైన మొక్క ఐరోపా కొండల మీది పచ్చికబయళ్ళలో, జూన్, జూలై నెలల్లో, గుడ్డుసొన రంగు పూలు పూస్తుంది. దాని శాస్త్రనామం ఆర్నికా మోంటానా. మోంటానా అంటే లాటిన్ భాషలో కొండకు చెందినది అని అర్థం. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ 1753లో వెలువరించిన గ్రంథంలో ఈ పేరు స్థిరపడింది. ఆర్నికా అన్న మాట గొర్రెపిల్ల తోలును సూచించే గ్రీకు పదం నుంచి వచ్చిందని, ఆకుల మీది మెత్తని నూగు వల్ల ఆ పేరు పడిందని కొందరు పండితులు చెబుతారు; తుమ్ము తెప్పించే మొక్కకు ప్రాచీనులు వాడిన టార్మికా అన్న పేరే నోళ్ళలో నలిగి ఇలా మారిందని మరికొందరు అంటారు. ఆ కొండల్లో దీని ఎండుటాకులను పొగాకులా కాల్చేవారు, నశ్యంలా పీల్చేవారు కాబట్టి రెండో వాదాన్నీ తేలికగా కొట్టిపారేయలేము.

పేరు సంగతి అలా ఉంచితే, మొక్కను గుర్తుపట్టడమే అసలు చిక్కు. అదే కొండ మీద, అదే నెలలో, అదే కుటుంబానికి చెందిన పసుపు పూల మొక్కలు ఇంకా ఎన్నో పూస్తాయి. పది అడుగుల దూరం నుంచి చూస్తే వాటిలో సగం ఒకటే అనిపిస్తాయి. బొమ్మ లేకుండా ఇటువంటి మొక్కను మాటల్లో పరిచయం చేయడం కుదరదని ఎవరైనా అనవచ్చు గానీ, ఆ మాట పూర్తిగా నిజం కాదు. బొమ్మను చూసిన కన్ను ముందుగా పువ్వు మీదే వాలుతుంది, పొరపాటు జరిగేదీ సరిగ్గా అక్కడే.

గుర్తింపు నిజానికి మొక్క దగ్గర కాక నేల దగ్గర మొదలవుతుంది. ఆర్నికా సున్నాన్ని సహించని మొక్క. గ్రానైటు వంటి రాళ్ళు చివికి ఏర్పడిన, ఆమ్లగుణం గల, సారం తక్కువైన నేలలే దానికి ఇష్టం. స్కాండినేవియా దక్షిణ భాగం నుంచి ఆల్ప్స్, కార్పేతియన్, పిరనీస్ పర్వతాల మీదుగా ఐబీరియా ద్వీపకల్పం వరకు, ఉత్తరాన పల్లపు భూముల్లోనూ దక్షిణాన సుమారు 2,800 మీటర్ల ఎత్తు వరకూ, ఇది ఇటువంటి నేలలనే వెతుక్కుంటూ పోయింది. నార్డస్ అనే ముతక గడ్డి పశువులు కూడా ముట్టకుండా బిరుసుగా కుదుళ్ళు కట్టి ఉన్నచోట, పక్కనే బిల్‌బెర్రీ పొదలు, హెదర్ అనే ఊదాపూల చిట్టిపొదలు ఉన్నచోట, ఆర్నికా కోసం వెతకడం సబబు. తెల్లని సున్నపురాతి వాలు మీద ఆర్నికాను పోలిన పసుపు పువ్వు కనిపిస్తే మాత్రం, దగ్గరికి వెళ్ళకముందే అనుమానించవలసి ఉంటుంది.

పువ్వు నిర్మాణం అర్థం కావడానికి ఐరోపా దాకా పోనక్కర లేదు. తెలుగు ఊళ్ళలో దారి పక్కన, బడి ఆవరణలో, పొలంగట్ల మీద పెరిగే గడ్డిచామంతి చాలు. పిల్లలు పలకలు తుడుచుకునే ఆకు గనుక కొన్నిచోట్ల దాన్ని పలకాకు అని కూడా అంటారు. కోసుకున్న వేలికి ఆ ఆకు నలిపి పసరు పిండుకోని పల్లెబిడ్డ అరుదు. ఆ పువ్వును తెంపి గోటితో చీల్చి చూస్తే, ఒక్క పువ్వుగా కనబడేది నిజానికి అనేక చిన్న పూల గుంపు అని తెలుస్తుంది. అంచున రేకుల్లా కనిపించేవి ఒక్కొక్కటీ ఒక్కో పువ్వు. వాటిని కిరణ పుష్పకాలు అంటారు. నడుమ బొడిపెలా కనిపించే పసుపు భాగంలో సన్నని గొట్టాల వంటి పూలు డజన్ల కొద్దీ ఉంటాయి. వాటిని బింబ పుష్పకాలు అంటారు. ఈ గుంపు మొత్తాన్ని కింది నుంచి గిన్నెలా పట్టి ఉంచే ఆకుపచ్చని పొలుసులను పుచ్ఛాలు అని, అన్ని పూలూ కూర్చున్న పీటను పుష్పాసనం అని, గింజ ఎగరడానికి తోడ్పడే దూది వంటి వెంట్రుకల కుచ్చును కేశగుచ్ఛం అని వృక్షశాస్త్రం పేర్కొంటుంది. పొద్దుతిరుగుడు, బంతి, చామంతి, గడ్డిచామంతి, ఆర్నికా అన్నీ ఆస్టరేసీ అనే ఈ ఒకే కుటుంబానికి చెందినవి. అమెరికా ఖండం నుంచి వచ్చి మన గట్ల మీద స్థిరపడ్డ గడ్డిచామంతినీ ఐరోపా కొండలు దిగని ఆర్నికానూ జనం గాయాల మందుగానే ఎంచుకోవడం చిత్రమే గానీ, ఆ రెండింటి రసాయనాలు ఒకటి కావు.

ఇక మొక్క వద్దకు వస్తే, ఆర్నికా ఏళ్ళ తరబడి బతికే బహువార్షికం. నేల లోపల అల్లం కొమ్ములా అడ్డంగా పాకే ముదురు గోధుమరంగు కొమ్ము ఒకటి ఉంటుంది. అది వెనుక భాగం క్షీణిస్తూ ముందు భాగం పెరుగుతూ ఏటా కొద్దికొద్దిగా జరుగుతుంది. దాని కొస నుంచి నాలుగు మొదలు ఎనిమిది వరకు ఆకులు నేలకు అంటుకుపోయి, విస్తరి పరిచినట్టు గుండ్రంగా అమరుతాయి. ఈ అమరికను పత్రగుచ్ఛం అంటారు. ఆకుకు కాడ ఉండదు. అంచులు దాదాపు నున్నగా, రంపపు పళ్ళు లేకుండా ఉంటాయి. అయిదు నుంచి ఏడు ఈనెలు మొదలు నుంచి కొస దాకా పక్కపక్కనే సాగుతాయి. పై వైపు వేలితో నిమిరితే పొట్టి నూగు తగులుతుంది, కింది వైపు నునుపుగా ఉంటుంది. పువ్వు లేని కాలంలో, ఆ ఈనెల తీరు వల్ల, ప్లాంటాగో అనే మామూలు కలుపుమొక్కగా దీన్ని పొరబడేవారు కద్దు.

పత్రగుచ్ఛం నడుమ నుంచి 20 మొదలు 60 సెంటీమీటర్ల ఎత్తు కాండం ఒకటి నిటారుగా లేస్తుంది. దానిని పట్టుకుంటే వేళ్ళకు కొద్దిగా జిగురు అంటుతుంది, ఎందుకంటే దాని మీది వెంట్రుకల్లో కొన్నిటి కొసన చిన్న గ్రంథులు ఉంటాయి. ఆ కాండం మీద ఆకులు ఒకటి, రెండు, మహా అయితే మూడు జతలు మాత్రమే. ప్రతి జతలోనూ రెండాకులు ఒకే కణుపు వద్ద, చేతులు చాచినట్టు ఎదురెదురుగా పుడతాయి. దీన్ని అభిముఖ పత్రవిన్యాసం అంటారు. ఆర్నికా గుర్తింపునకు ఇదే కీలకం. దాన్ని పోలిన పసుపు పూల మొక్కల్లో దాదాపు అన్నిటికీ ఆకులు ఒకటి ఇటు, మరొకటి కొంచెం పైన అటు, మెట్లు ఎక్కినట్టు పుడతాయి. దాన్ని ఏకాంతర విన్యాసం అంటారు. అయితే ఒక జాగ్రత్త అవసరం. ఆర్నికాలో కూడా అన్నిటికన్నా పైన ఉన్న చిట్టి ఆకులు అప్పుడప్పుడు జత తప్పి కాస్త ఎగుడుదిగుడుగా మొలుస్తాయి. అందువల్ల పై కణుపును చూసి కాదని తోసిపుచ్చకుండా, కాండం సగం కింద ఉన్న జతను చూసి తేల్చుకోవాలి.

పువ్వు వంతు ఆ తరువాతనే. కాండం చివర సాధారణంగా ఒకే పువ్వు ఉంటుంది. బలమైన మొక్కల్లో పై జత ఆకుల గ్రీవాల నుంచి మరి రెండు పక్కపూలు, అవి కూడా ఎదురెదురుగానే, బయలుదేరుతాయి. అయిదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పుండే ఆ పువ్వు రంగు నిమ్మపండు పసుపు కాదు. నారింజ వైపు మొగ్గిన ముదురు పసుపు. అంచు రేకుల కొసన మూడేసి పళ్ళుంటాయి. అవి చామంతిలోలా ముచ్చటగా వరుస కట్టవు. కొన్ని మెలికపడి, కొన్ని వాలిపోయి, రాత్రి గాలివానకు నలిగిన బట్టల్లా ఉంటాయి. ఆర్నికా పువ్వు పూచిన రోజు నుంచే కొంచెం చెదిరినట్టు కనిపిస్తుందని, చక్కగా దువ్వినట్టున్న పువ్వును చూస్తే అది మరేదో అనుకోవాలని చెప్పడం అతిశయోక్తి కాదు. కాడ విరిస్తే పాలు కారకూడదు. పువ్వు నలిపితే ఘాటైన సువాసన రావాలి.

దాన్ని పోలిన మొక్కల్లో ముందుగా చెప్పుకోవలసినది డొరోనికమ్ ప్రజాతి. ఆర్నికాకు దగ్గరి దాయాదిలా కనిపించే ఈ మొక్కల పువ్వులు ఇంచుమించు అంతే పెద్దవి, అంతే పసుపు. వీటిలో గ్రాండిఫ్లోరమ్ అనే జాతి తేమ గల సున్నపురాళ్ళ గుట్టల మధ్య పెరుగుతుంది గనుక నేలే దాన్ని పట్టిస్తుంది. కానీ క్లూసీ అనే జాతి ఆమ్లపు రాతినేలల మీదే పెరుగుతుంది గనుక అక్కడ నేల సాక్ష్యం చెల్లదు, ఆకులు మెట్లుగా ఉన్నాయా జతలుగా ఉన్నాయా అన్నదే చూడాలి. బుఫ్తాల్మమ్ అనే మరో మొక్కకు సన్నని ఏకాంతరపు ఆకులు, కుదురైన రేకులు ఉంటాయి. దాని గింజకు దూది కుచ్చు ఉండదు. ఇన్యులా జాతుల రేకులు దారాల్లా సన్నగా, లెక్కకు మిక్కిలిగా ఉంటాయి. ట్రాగోపోగాన్, స్కార్జొనేరా, హైపోకేరిస్ వంటివాటి పువ్వులో నడుమ గొట్టపు పూలు ఉండనే ఉండవు, అన్నీ రేకుల వంటి పూలే; పైగా కాడ విరిస్తే తెల్లని పాలు వస్తాయి కాబట్టి అవి మోసం చేసేది దూరం నుంచి చూసేవారిని మాత్రమే. వీటన్నిటి కన్నా ప్రమాదకరమైనవి సెనీషియో జాతులు. వాటిలో పిరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే విషపదార్థాలుంటాయి. అవి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. వాటి ఆకులూ ఏకాంతరమే.

కోసి ఎండబెట్టిన తరువాత ఈ ఆధారాలు చాలావరకు చేజారిపోతాయి. మందు కోసం పువ్వు తలనే తుంచుతారు కాబట్టి ఆకుల జత సంచిలోకి రాదు. ఎండిన రేకులు ముడుచుకుపోతాయి. కొంచెం ముదిరిన పువ్వు అయితే ఎండుతూనే దూది విప్పుకుని పిండిపిండిగా రాలుతుంది. అప్పుడు ఐరోపా ఫార్మకోపియా అనే ఔషధ ప్రమాణ గ్రంథం చెప్పిన లక్షణాలే దిక్కు. దాని ప్రకారం పువ్వు కింది గిన్నెలో 18 నుంచి 24 వరకు కొస తేలిన పుచ్ఛాలు ఒకటి రెండు వరుసల్లో ఉండాలి. పుష్పాసనం సుమారు ఆరు మిల్లీమీటర్ల వెడల్పుతో, కొద్దిగా ఉబ్బి, తేనెపట్టులా గుంటలు పడి, వెంట్రుకలతో కప్పబడి ఉండాలి. అంచు పుష్పకాలు 20 నుంచి 30 మిల్లీమీటర్ల పొడవుండాలి. అంచువైనా నడిమివైనా ప్రతి పుష్పకానికీ తెల్లని వెంట్రుకల కుచ్చు ఉండటం మరో గుర్తు. సూక్ష్మదర్శిని కింద చూస్తే అండాశయం మీద జంట వెంట్రుకలు కనిపిస్తాయి. రెండు కణాలు పొడవునా అతుక్కుని, కొసన మాత్రం పాము నాలుకలా చీలి ఉంటాయి. ఇటువంటి వెంట్రుకలు ఆ కుటుంబంలో మరికొన్ని మొక్కలకూ ఉన్నాయి గనుక ఆ ఒక్క సాక్ష్యంతో ఎవరూ తీర్పు చెప్పరు. క్రొమటోగ్రఫీ అనే పద్ధతిలో రసాయనాలను విడదీసి కూడా చూస్తారు.

ఇంత తంటా ఎందుకంటే, ఆర్నికా పేరుతో అమ్ముడుపోయే పువ్వులు లోకంలో అనేకం ఉన్నాయి. మెక్సికోలో ఆర్నికా అని అడిగితే ఇచ్చేది సాధారణంగా హెటెరోథీకా ఇన్యులాయిడిస్ అనే వేరే మొక్క. బ్రెజిల్‌లో ఆ పేరు సాలిడాగో, లిక్నోఫోరా వంటి ఇంకా దూరపు మొక్కలకు దక్కింది. ఇందులో అన్నిసార్లూ మోసం ఉందనలేము. కొత్త దేశానికి వెళ్ళినవారు గాయాలకు వాడే ఏదో ఒక స్థానిక మొక్కకు పాత ఊరి మందు పేరు పెట్టుకోవడం మనుషులకు సహజమే. హెటెరోథీకాలో అంచు పుష్పకాల గింజలు ఒక తీరు, నడిమివి మరో తీరు. ఆ ప్రజాతి పేరులోనే ఆ తేడా ఉంది. ఎండిన పూలలో కొన్నిసార్లు కలిసే కాలెండ్యులా అనే తోటపువ్వును పట్టుకోవడం ఇంకా తేలిక, దాని గింజకు దూది కుచ్చే ఉండదు.

ఫార్మకోపియా చరిత్రలో ఒక వింత నిబంధన కూడా ఉంది. టెఫ్రిటిస్ ఆర్నికే అనే చిన్న ఈగ ఆర్నికా పూలలో గుడ్లు పెడుతుంది. దాని పురుగులు పుష్పాసనాన్నీ లేతగింజలనూ తింటూ పెరుగుతాయి. అందువల్ల పూర్వం కొన్ని ప్రమాణ గ్రంథాలు పుష్పాసనాన్నీ గిన్నెనూ తీసివేసి, పుష్పకాలను మాత్రమే మందుగా వాడమని ఆదేశించాయి. 

పొరపాటు పడకూడదనడానికి అసలైన మొక్కలోని గుణమే తగిన కారణం. ఆర్నికా పువ్వులో హెలినాలిన్ అనే పదార్థమూ దాని దగ్గరి రసాయనాలూ ఉంటాయి. వీటిని సెస్క్విటెర్పీన్ లాక్టోన్లు అంటారు. ఎండు పువ్వు బరువులో ఇవి కనీసం 0.40 శాతం ఉండాలని ఐరోపా ఫార్మకోపియా నియమం. వాపును పుట్టించే జన్యువులకు పని చెప్పే ఎన్.ఎఫ్. కప్పా బి అనే ప్రోటీన్‌ను హెలినాలిన్ అడ్డుకుంటుందని ప్రయోగశాలల్లో తేలింది. అదే పదార్థం నోటి ద్వారా లోపలికి పోతే కడుపును పుండుచేసి వాంతులు కలిగిస్తుంది, గుండె లయను చెడగొడుతుంది. కనుక ఐరోపా ఔషధ సంస్థ దీన్ని కమిలిన గాయాలు, బెణుకులు, కండరాల నొప్పులకు చర్మం మీద పూయడానికే పరిమితం చేసింది. చర్మం చిట్లినచోట పూయరాదు, ఈ కుటుంబపు మొక్కలు పడనివారికి దద్దుర్లు రావచ్చు. వేళ్ళ కీళ్ళు అరిగి నొప్పిపడుతున్న 204 మంది మీద జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2007లో వెలువడ్డాయి. మూడు వారాల పాటు రాసిన ఆర్నికా జెల్ ఐబుప్రొఫెన్ జెల్‌కు తీసిపోలేదని అందులో తేలింది. ఐరోపా ఔషధ సంస్థ చెప్పిన ఉపయోగాల్లో జుట్టు ఊసు మాత్రం లేదు. తెలుగు ఇళ్ళలోని తలనూనె సీసాలకు ఇది కొంత ఇబ్బందికరమైన సంగతే.

హోమియో మాత్రల లెక్క వేరు. 30సి అని రాసి ఉన్న మందును నూరు పాళ్ళలో ఒక పాలు చొప్పున ముప్పై సార్లు పలచన చేస్తారు గనుక, అంటే ఒకటి పక్కన అరవై సున్నాల పాళ్ళకు ఒక పాలు, అందులో మొక్క తాలూకు అణువు ఒక్కటి కూడా మిగిలే అవకాశం లేదు. అటువంటి సీసాలోకి ఆర్నికా వెళ్ళిందా డొరోనికమ్ వెళ్ళిందా అన్నది రసాయనశాస్త్రం తేల్చలేదు. అదే దుకాణంలో, అదే పేరుతో దొరికే మదర్ టించర్ మాత్రం పలచన చేయని సారం; దానిని మాత్రల మాదిరిగా నిరపాయమని మింగడం అపాయకరం.

ఐరోపాలో ఈ మొక్కకు మందుగానే కాక వేరే చరిత్ర కూడా ఉంది. జర్మన్ భాషలో దాని పాత పేర్లలో తోడేలు మాట వినిపిస్తుంది. జూన్ 24న వచ్చే సెయింట్ జాన్ పండుగ వేళకు ఇది పూతకు వస్తుంది కాబట్టి, పంటను పాడుచేసే దయ్యం పొలంలోకి రాకుండా చేను నాలుగు మూలలా ఆర్నికా కాడలు గుచ్చే ఆచారం కొన్నిచోట్ల ఉండేది. పంటకు కాపలాగా నిలిచిన ఆ మొక్కను ఇరవయ్యో శతాబ్దంలో పంటకు వేసిన ఎరువే తరిమివేసింది. నత్రజని ఎరువు, సున్నం చల్లిన బయళ్ళలో పొడవైన గడ్డి ఏపుగా పెరిగి, నేలకు అంటుకున్న ఆర్నికా ఆకులకు వెలుగు లేకుండా చేస్తుంది. మేపడం, కోయడం మానేసిన బయళ్ళను పొదలు మింగేస్తాయి. ఈ రెండు దిక్కుల మధ్య నలిగి చాలాచోట్ల అది అరుదైపోయింది. 1992 నాటి ఐరోపా ఆవాస పరిరక్షణ ఆదేశంలోని అయిదో అనుబంధంలో, అంటే సేకరణకు కట్టడి విధించదగిన జాతుల జాబితాలో, దాని పేరు చేరింది.

ఇప్పటికీ రుమేనియాలోని అపుసేని కొండల్లో అడవి ఆర్నికాను సేకరిస్తున్నారు. ఫ్రాన్స్‌లోని వోజ్ పర్వతాల మార్క్‌స్టీన్ ప్రాంతమూ ఆ సేకరణకు పేరుపొందినదే. మార్కెట్ కోసం పొలాల్లో పెంచడానికి జర్మనీలో ఆర్బో అనే రకాన్ని తయారుచేశారు. ఉత్తర అమెరికాకు చెందిన ఆర్నికా కామిసోనిస్ సాగుకు ఇంకా తేలికగా లొంగుతుంది. ఆకుల జతలు అయిదు లేదా అంతకు మించి, పూలు చిన్నవిగా, ఎక్కువగా ఉంటే అది ఈ అమెరికా జాతి అని తెలుసుకోవచ్చు.

అడవి బయలులో ఆర్నికా ఎంత మిగిలిందో లెక్క కట్టేవారు పువ్వులను లెక్కపెట్టరు. ఒక బయలులోని మొక్కల్లో ఏ ఏటికి ఆ ఏడు పూచేవి కొన్నే. మిగిలినవి పువ్వు లేని పత్రగుచ్ఛాలుగానే ఉండిపోతాయి. దూది కుచ్చు ఉన్నా గింజల్లో ఎక్కువ భాగం తల్లిమొక్కకు కొద్ది అడుగుల్లోనే రాలుతాయి, నేలలో ఏళ్ళ తరబడి నిద్రపోయే శక్తి వాటికి లేదు. అందుకే లెక్క కట్టేవారు నార్డస్ గడ్డిని చేత్తో పాయలు తీస్తూ, మోకాళ్ళ మీద జరుగుతూ, పై వైపు నూగు, కింద నునుపు, అయిదు మొదలు ఏడు ఈనెలు ఉన్న ఆకును వేలితో నిమిరి చూసుకుంటారు. అది ప్లాంటాగో కాదని తేలిన తరువాతనే కాగితం మీద ఒక గీత గీస్తారు.